వీరవనితకు అవమానం జరగరాదు

మా రంగస్థల వికాస పరిషత్తు ఆ ఏడాదిని వీరవనితల సంవత్సరంగా ప్రకటించి, ఆ తర్వాత వీరవనిత కోసం వెతకడం మొదలుపెట్టింది. పరిషత్తులో పనులు ఈ వరసలోనే జరుగుతాయి.

మొదట మన వీరవనితల పేర్లే వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి. మన వీరవనితలందరికీ వారసులున్నారు, వారసులందరికీ మనోభావాలున్నాయి. ఒకావిడ ఎక్కిన గుర్రం తెల్లదా నల్లదా అని రెండు సంఘాలు కోర్టులో ఉన్నాయి. ఇంకొకావిడ ఏ జిల్లాలో పుట్టిందో తేలేదాకా ఆమెను ఏ వేదికమీదా చూపకూడదని స్టే ఉంది. మూడో ఆవిడ విషయంలో ఏ గొడవా లేదుగాని, ఏ గొడవా లేని ఆవిడ వీరవనిత ఎలా అవుతుందని ఆడిట్ వాళ్లు అడిగారు. చివరికి కార్యదర్శి దశరథరామయ్యగారు ఫైలుమీద మూడు మాటలు రాశారు: విదేశీ, ప్రాచీన, నిర్వివాద.

ఈ మూడు లక్షణాలూ ఉన్న ఆడవాళ్లు స్పెయిన్ దేశపు పాత నాటకాల్లో దొరికారు. వాళ్ల వారసులెవరూ మన జిల్లాలో లేరు.

నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ నాటకాల్లో ఆడవాళ్లు తెగించినవాళ్లు. మగ బట్టలు తొడుక్కుని గుర్రమెక్కుతారు. మాట తప్పినవాణ్ణి ఊళ్లు దాటి వెళ్లి పట్టుకుంటారు. మగవాళ్లు తలుపులేసుకుని మాట్లాడుకునే చోటికి నేరుగా వెళ్లి, మీకు మీసాలెందుకని అడుగుతారు. కత్తి దూస్తారు. మూడో అంకం చివర రాజుగారు వస్తాడు. వచ్చీ రాగానే కొందరిని శిక్షించి, ఎక్కువమందిని క్షమించి, కత్తి పట్టుకున్న పిల్లకి అక్కడే ఉన్న ఎవరో ఒకరితో పెళ్లి చేస్తాడు. అప్పటిదాకా ఆమెకున్న ధైర్యాన్ని ఏ బీరువాలో పెట్టి తాళం వేశారో నాటకం చెప్పదు. ఈ చివరి పేజీ పరిషత్తుకు చాలా నచ్చింది. ధైర్యానికి గడువు తేదీ ఉండటం పరిపాలనకు సౌకర్యం.

ఎంచుకున్న నాటకంలో నాయిక పేరు ఇసిద్ర. కొండ కింద ఊళ్లో గోధుమలు తూర్పారబట్టే పిల్ల. కోతల పండగనాడు ఊరి నడిబొడ్డున పాట పాడుతూ ఉంటుంది. గవర్నరు బండి వస్తుంది. పాట ఆపమంటారు. పాట ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఆమె ఆపదు. గవర్నరు బండి దిగి, ఊరంతా చూస్తుండగా, ఆమెను రెక్క పట్టుకుని పక్కకు లాగేస్తాడు. రెండో అంకంలో ఇసిద్ర చనిపోయిన అన్న బట్టలు తొడుక్కుని, అతని కత్తి కట్టుకుని రాజధానికి నడిచి వెళుతుంది. మూడో అంకంలో రాజును వెంటబెట్టుకుని అదే చోటికి వచ్చి, అదే జనం ముందు నిలబడి, నన్ను లాగిన చెయ్యి ఏదో అది ఇక్కడే పైకి లేవాలి అంటుంది. ఆ తర్వాత పెళ్లి.

దీన్ని తెలుగు పద్యనాటకంగా మార్చారు. మార్చినవారు తిరువేంగళాచార్యులుగారు, రిటైరైన తెలుగు పండితులు. నాటకాన్ని పర్యవేక్షించడానికి వీరవనితా గౌరవ పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షురాలు శ్రీమతి హైమవతీదేవిగారు. సభ్యులు కార్యదర్శిగారు, ఆచార్యులుగారు, ఒక న్యాయ సలహాదారు, నేను. నేను ప్రభుత్వ కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఒక్కణ్ణే ఉంటాను. పుస్తకాలు ఎక్కువ, మనుషులు తక్కువ. నన్నెందుకు వేశారని అడిగితే, మనోభావాల విషయంలో మనసు తెలిసినవారు ఒకరుండటం మంచిదని అన్నారు. నిపుణుడు అన్న మాట వినగానే నాలో ఏదో చిన్నగా పొంగింది. దాన్ని గమనించాను. గమనించి కూడా ఒప్పుకున్నాను.

మొదటి సమావేశంలో న్యాయ సలహాదారు మార్గదర్శకాలు చదివారు. అందులో నాలుగో అంశం: "వీరవనితల సంవత్సరంలో పరిషత్తు వేదికపై వీరవనితకు ఎటువంటి అవమానమూ జరగరాదు."

"చాలా బాగుంది," అన్నారు హైమవతీదేవిగారు. "మరి మొదటి అంకంలో ఈ రెక్క పట్టుకుని లాగడం ఏమిటండీ? తీసేయండి."

"అది తీసేస్తే ఆ అమ్మాయి రాజధానికి ఎందుకు వెళుతుందండీ?" అన్నాను.

అందరూ ఆలోచించారు.

"శుభాకాంక్షలు తెలియజేయు నిమిత్తం వెళ్లవచ్చును," అన్నారు దశరథరామయ్యగారు.

"కత్తి కట్టుకునా?"

"కత్తి ఉండాలి. ఆహ్వానపత్రిక మీద బొమ్మ వేయించేశాం," అన్నారు అధ్యక్షురాలు. "కాని దూస్తే ఎదుట ఎవరో శత్రువు ఉన్నట్టవుతుంది. వీరవనితకు శత్రువుండటమే ఒక అవమానం. ఒరకీ పిడికీ కలిపి కుట్టించేయండి."

మగ బట్టల విషయం వచ్చింది. ఆ రోజుల్లో స్పెయిన్ అధికారులు కూడా దీనిమీద ఉత్తర్వులిచ్చారు. నటీమణులు మగవేషం వేయవచ్చుగాని అది నడుము పైభాగానికే పరిమితం కావాలి, కింద పావడా ఉండాలి. ఎక్కడో చదివిన ఈ సంగతి నోరు జారి చెప్పాను. కార్యదర్శిగారి ముఖం వెలిగిపోయింది. మనకు ముందే నాలుగు వందల ఏళ్ల నాటి పూర్వ ఉదాహరణ ఉందన్నమాట. పైన కోటు, టోపీ, కింద చీర అని తీర్మానమైంది.

"ధైర్యం ఉందని తెలియాలంటే ఎదుట భయపెట్టేది ఏదో ఒకటి ఉండాలి కదండీ," అన్నాను. "నీళ్లు లేకుండా ఈత..."

దశరథరామయ్యగారు కుడిచెయ్యి పైకెత్తారు. అరచెయ్యి నా వైపు. ఆ చెయ్యి గురించి చెప్పాలి. ఆయన ఎవరినీ నోటితో ఆపరు. చెయ్యెత్తుతారు. డ్రైవరు ఇంజను ఆపుతాడు, గుమాస్తా చదవడం ఆపుతాడు, మైకతను మైకు ఆపుతాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ చెయ్యి ఆయనకంటే ముందు ఆలోచించడం నేర్చుకుంది. నేనూ ఆగాను. నా అభిప్రాయాన్ని సభ్యులు అభినందించినట్టు మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇసిద్ర పాత్రకు చల్లా నాంచారమ్మను పిలిపించారు. ఆచార్యులుగారు అప్పటికే ఆమెకు నాటకంలో పద్యాలు నేర్పడం మొదలుపెట్టారు.

నాంచారమ్మది యాభై దాటిన వయసు. అద్దంకి నుంచి బాపట్ల దాకా పద్యనాటకం తెలిసిన ఊళ్లలో ఆమె తెలియనివారు లేరు. రాణి వేషమూ వేసింది, రాజు వేషమూ వేసింది. మైకు లేకపోయినా చివరి వరసకు వినపడే గొంతు. నిరుడు మా పరిషత్తు ఉత్సవాల్లో ఆమె రాజు వేషంలో పద్యం పాడుతూ, రాగం తీస్తూ పైకి వెళ్లింది. రాగం పైన ఉండగా ముఖ్య అతిథిగారి కారు మైదానంలోకి వచ్చింది. దశరథరామయ్యగారు చెయ్యెత్తారు. మైకు ఆగింది. పైకి తీసుకెళ్లిన రాగాన్ని కిందికి దించకుండా వదలకూడదు గనక ఆమె మైకు లేకుండానే పాడుతోంది. ఆయన వేదికెక్కి, రెక్క పట్టుకుని, మెట్లమీదనుంచి దించేశారు. కిరీటం కిందపడింది. మైదానమంతా చూసింది.

జనం గోల చేశారు. పరిషత్తు స్పందించింది. క్షమాపణ చెప్పలేదుగాని తీర్మానం చేసింది. ఇకపై పద్యం మధ్యలో మైకు ఆపరాదు, ప్రేక్షకులు వన్స్ మోర్ అంటే ఎన్నిసార్లయినా పాడనివ్వాలి అని. పద్యం నచ్చితే వన్స్ మోర్ అడగడం మావాళ్ల హక్కు. చచ్చిపోయిన పాత్రయినా సరే, లేచి కూచుని మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే.

నాంచారమ్మకు తీర్మానం అక్కర్లేదు. అదే మైదానంలో, అదే మైకులో, "తప్పయిందమ్మా" అని ఆయన ఒక్క మాట అనాలి. ఏడాదినుంచీ అదే అడుగుతోంది. ఈలోగా ఏ వేషమూ వేయలేదు.

ఉపసంఘం పిలిచిన రోజు ఆమె వెంట హార్మోనియం మస్తాన్ వచ్చాడు. ఆమె పద్యానికి పాతికేళ్లుగా శ్రుతి పట్టేది ఆయనే. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా," అన్నారు దశరథరామయ్యగారు. "నిరుటి విషయమై నా గదిలో ఎప్పుడైనా విచారం వ్యక్తపరచుటకు నేను సిద్ధమని ఇదివరకే తెలియజేసి ఉన్నాను."

"గదిలో లాగలేదుగా బాబూ నన్ను," అంది నాంచారమ్మ.

హైమవతీదేవిగారు నవ్వి అందుకున్నారు. "అదంతా ఎందుకమ్మా ఇప్పుడు? ఈ ఏడాది వీరవనితవి నువ్వే. ఎంత గౌరవం! ఒక్కటే చిన్న ఇబ్బంది. మీరు చెప్పండి లాయరుగారూ."

న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నారు. "నాలుగో అంశం ప్రకారం పరిషత్తు వేదికపై వీరవనితకు అవమానం జరగరాదు. మీరు వీరవనిత. కాబట్టి మీకు అవమానం జరగలేదు. జరిగిందని మీరంటే, మీరు వీరవనిత కారు. అప్పుడు ఈ పాత్ర ఇంకొకరికి ఇవ్వవలసి వస్తుంది."

"మరి నా కిరీటం ఎట్టా పడిందండీ?"

"గాలి కావచ్చు. గాలి అని నమోదు చేసుకుందాం."

"మైదానంలో గాలి బానే ఉంటదిలే నాంచారక్కా," అన్నాడు గుమ్మం దగ్గర మస్తాన్. "మనుషుల్ని మెట్లు కూడా దింపుద్ది."

కార్యదర్శిగారి చెయ్యి లేచింది. మస్తాన్ ఆగాడు.

నాంచారమ్మ నేలకేసి చూసింది. ఆ ముఖంలో కోపం కోసం వెతికాను, అది నా వృత్తి. కనిపించింది కోపం కాదు. బజారులో రెండు గంపలు పెట్టుకుని ఏది ముందు ఎత్తాలా అని చూసే ఆడమనిషి చూపు.

"ఆచార్యులయ్యగారూ," అంది, "మీరు నేర్పిన పద్యం ఉంటదా? చెయ్యెత్తి చూపు అని వస్తదే, అది?"

"ఉంటుందమ్మా, ఉంటుంది," అన్నారాయన కంగారుగా. నాటకంలో ఆయనకు బాగా నచ్చిన పద్యం అదొక్కటే.

"అయితే రాసుకోండి. నాంచారమ్మకి అవమానం జరగలేదని రాసుకోండి."

ఆమె వెళ్లిపోయింది. ఉపసంఘం వెంటనే ఆ పద్యాన్ని పరిశీలనకు తీసుకుంది. ఆచార్యులుగారు చదివారు:

నన్ను లాగినట్టి నాటి చేయేదియో
నేడు లేవవలయు నిచటె తాను;
చూచె నూరు నాడు, చూడ నూరే నేడు
చేయి యెత్తి చూపు, చేసినయ్య!

దశరథరామయ్యగారు తన కుడిచేతిని బల్లమీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరూ చూడలేదు. అలాంటివి చూడటానికే నన్ను వేశారు గనక నేను చూశాను.

"లాగడం అనే సంఘటన మొదటి అంకంలో తొలగించబడినది," అన్నారాయన. "జరగని సంఘటనకు మూడో అంకంలో ప్రస్తావన సమంజసం కాదు."

"పద్యం తీసేస్తే నా పేరు కూడా తీసేయండి," అన్నారు ఆచార్యులుగారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడినవారు కాదు. ఛందస్సు విషయంలో మాత్రం మనిషి మారిపోతారు.

అరగంట చర్చ జరిగింది. చివరికి ఒక్క మాట మార్చడానికి పండితులు ఒప్పుకున్నారు. "నన్ను లాగినట్టి" బదులు "నన్ను మెచ్చినట్టి." గణాలు చెడలేదు. నన్ను మెచ్చుకున్న చెయ్యి ఏదో అది పైకి లేవాలి అని ఇసిద్ర అడుగుతుందన్నమాట.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని దశరథరామయ్యగారికి ఒక ఆలోచన వచ్చింది. భయం తీరిన మనసు వెంటనే ఉత్సాహంలోకి దూకుతుంది. పుస్తకాల్లో ఉన్నదే.

"ఆ తరుణంలో," అన్నారాయన, "పరిషత్తు పక్షాన నేను మొదటి వరుసలో లేచి చెయ్యి ఎత్తినచో ఎలా ఉంటుంది? ఫోకస్ లైటు నా మీద పడుతుంది. నాటకానికీ ప్రభుత్వానికీ మధ్య ఒక సజీవ అనుబంధం ఏర్పడుతుంది."

అధ్యక్షురాలు చప్పట్లు కొట్టారు. ఆ విధంగా ఒక స్పానిష్ నాటకంలో ఆయనకు వేషం దొరికింది.

"మరి వన్స్ మోర్ అంటే?" అన్నారు న్యాయ సలహాదారు. "అప్పుడు పాడేదానికి అనుమతి విడిగా తీసుకోవాలా?"

"రెండోసారి పాడేది మొదటిసారి పాడిందే కదండీ," అన్నారు హైమవతీదేవిగారు. "దానికి విడిగా అనుమతి ఎందుకు?"

ఆచార్యులుగారు నోరు తెరిచారు. మళ్లీ మూసుకున్నారు. పద్యనాటకం చివరిదాకా కూచుని చూసినవాళ్లు ఆ గదిలో ఆయన ఒక్కరే. వన్స్ మోర్‌లో ఏ నటుడూ పాడిందే పాడడని ఆయనకు తెలుసు. రాగం మారుతుంది, మాట మారుతుంది, ఒక్కోసారి పద్యమే మారుతుంది. కాని ఆయన్ని ఎవరూ అడగలేదు.

మిగిలింది ఒక్క సమస్య. నాంచారమ్మ పాత మాటను కంఠస్థం చేసేసింది. అది ఆమె లోపలినుంచి తీసేయడం ఎలా?

అందరూ నావైపు చూశారు.

"మరుపు ఆర్డరు వేస్తే వచ్చేది కాదండీ," అన్నాను. "ఫలానాది మర్చిపో అని చెప్పినకొద్దీ అదే గుర్తుంటుంది."

"నిపుణుల పర్యవేక్షణలో మరపింపజేయవలెను," అని రాసుకున్నారు కార్యదర్శిగారు. "వారం వారం ప్రగతి తెలియజేయగలరు."

ఆ ఆదివారం రైలు గేటు అవతల నాంచారమ్మ ఇంటికి వెళ్లాను. వసారాలో మస్తాన్ హార్మోనియం ముందు కూచుని ఉన్నాడు. ఆమె చేటలో మినుములు బాగుచేస్తోంది.

"రండి బాబూ. ఏంది ఇట్టా వచ్చారు?"

"మర్చిపోయారేమో అడిగి రమ్మన్నారమ్మా."

"దేన్నండీ?"

"ఆ మాటని."

"ఏ మాటండీ?"

"తీసేసిన మాట."

"ఏది తీసేశారో చెబితేగా, మర్చిపోయానో లేదో తెలిసేది."

చెప్పాను.

"ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చింది," అంది నాంచారమ్మ. "వచ్చే వారం రండి."

మస్తాన్ హార్మోనియం మీద తల ఆనించి నవ్వాడు. నేను వారం వారం వెళ్లాను. ప్రతిసారీ ఆమె మర్చిపోయిందేమో తెలుసుకోవడానికి పద్యం మొదటినుంచీ నేను చెప్పాల్సి వచ్చేది. పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల దగ్గర అదే నోట్లో ఆడేది. మూడో వారానికి ఆ పద్యం ఊళ్లో నాకంటే బాగా ఎవరికీ రాదు. ప్రగతి సంతృప్తికరంగా ఉందని రాశాను. ఎవరి ప్రగతో రాయలేదు.

ఒక ఆదివారం ఆమె పాడుతుంటే కూచున్నాను. రాగం తీస్తూ పైకి వెళ్లింది. ఒక మెట్టు దగ్గర గొంతు ఉన్నట్టుండి కిందికి దిగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే దిగింది.

"అక్కడేనండీ," అన్నాడు మస్తాన్ మెల్లగా. "నిరుడు మైకు ఆగిన చోటు. అప్పట్నించీ అక్క అది దాటట్లా. నేను ఒక మెట్టు కింద శ్రుతి పెట్టి చూశా. అయినా సరే, అదే జాగా దగ్గరికొచ్చి ఆగుద్ది."

నాంచారమ్మ తన కుడి రెక్కను ఎడంచేత్తో పట్టుకుని ఉంది. పట్టుకున్న సంగతి ఆమెకు తెలియదు.

"మీరు మనసు చదువుకున్నారు గదా," అంది. "ఈ రెక్క రెండు రోజులు నొప్పెట్టింది, తగ్గింది. ఆ తర్వాతది ఏందండీ?"

పాఠ్యపుస్తకంలో దానికి పేరుంది. ఆ పేరు ఆ వసారాలో ఎందుకూ పనికిరాదనిపించింది.

"ఆ స్పెయిన్ నాటకాల్లో పరువు మనిషి దగ్గర ఉండదమ్మా," అన్నాను. "చూసినవాళ్ల కళ్లల్లో ఉంటుంది. అందుకే ఆ పిల్ల న్యాయం రాజధానిలో పుచ్చుకోదు. రాజును ఊరికి తీసుకొస్తుంది."

"తీసుకురాదూ మరి? ఎక్కడ పోయిందో అక్కడేగా దొరకాల," అని ఆమె చేట పక్కన పెట్టింది. "పెళ్లి మాత్రం ఎందుకు చేసుకుంటదండీ, అంత దూరం నడిచిన పిల్ల?"

దానికి జవాబు ఆ నాటకాలు రాసినవాళ్ల దగ్గర కూడా ఉన్నట్టు కనిపించదు.

ఉత్సవం నాటికి మైదానం నిండిపోయింది. ఆరింటికే తెర లేచింది. మొదటి అంకంలో ఇసిద్ర గోధుమలు తూర్పారబడుతూ పాడింది. గవర్నరు బండి దిగి నమస్కారం పెట్టాడు. ఆమె ప్రతినమస్కారం చేసింది. ఇద్దరూ కొంతసేపు నమస్కారాలు పెట్టుకున్నారు. జనం కథ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుండగా అంకం అయిపోయింది. రెండో అంకంలో ఇసిద్ర కోటు, టోపీ, వెంకటగిరి చీర కట్టుకుని, ఒరకు కుట్టేసిన కత్తితో, శుభాకాంక్షలు తెలపడానికి రాజధానికి బయలుదేరింది. దారిలో దొంగలు పడ్డారు. ఆమెను చూసి అక్కడికక్కడే పశ్చాత్తాపం చెందారు.

"ఆమె దేనికి పోతందిరా?" అన్నాడు నా వెనక కూచున్న పెద్దాయన.

"ఏమో బాబాయ్. పైన దొర, కింద మనమ్మాయి. దేనికో దానికి పోతంది."

మూడో అంకం వచ్చింది. నాంచారమ్మ వేదిక ముందుకు వచ్చి నిలబడింది. మస్తాన్ శ్రుతి పెట్టాడు.

నన్ను మెచ్చినట్టి... అని ఎత్తుకుంది. ఉపసంఘం ఆమోదించినట్టే పాడింది. ఆఖరి పాదం వచ్చింది. దశరథరామయ్యగారు మొదటి వరుసలో లేచి, పట్టు ఉత్తరీయం సర్దుకుని, చెయ్యి పైకెత్తారు. ఫోకస్ లైటు ఆయన మీదికి తిరిగింది. ముఖ్య అతిథిగారు చిరునవ్వు నవ్వారు.

జనం ఆయన్ని చూడలేదు. ఏడాది తర్వాత నాంచారమ్మ గొంతు విన్నారు.

"వన్స్ మోర్!"

రెండోసారి అదే పద్యం, అదే మాట. రాగం మాత్రం నిడివి పెరిగింది. పైకి వెళ్లి, ఆ మెట్టు దగ్గరికి వచ్చి, ఆగి, దిగింది. మస్తాన్ తల దించుకున్నాడు. కార్యదర్శిగారు మళ్లీ చెయ్యెత్తారు. ఈసారి ఇంకొంచెం నిటారుగా. లైటు పడింది.

"వన్స్ మోర్! నాంచారమ్మా, వన్స్ మోర్!"

ఆమె టోపీ తీసి పక్కన పెట్టింది. కోటు చెయ్యి పైకి మడిచింది. మస్తాన్ వైపు చూసింది. ఆయన ఒక్కసారి హార్మోనియం తిత్తి నిండా గాలి తీసుకున్నాడు.

నన్ను లాగినట్టి...

మైదానం అంతా ఒకేసారి వెనక్కి వాలినట్టయింది. ఊళ్లో అందరూ చూసిందే గదా, అర్థం చెప్పాల్సిన పని లేదు. రాగం పైకి వెళ్లింది. ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. నేను నా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గొంతు ఆ మెట్టుమీద కాలు పెట్టి, దాటి, ఇంకా పైకి వెళ్లింది.

అప్పుడు దశరథరామయ్యగారు మైకు ఆపమని చెయ్యెత్తారు.

ముందు రెండుసార్లు ఎత్తిన అలవాటేమో, ముప్ఫై ఏళ్ల అలవాటేమో, ఆ రెండూ కలిసి ఎత్తాయేమో, నిపుణుడిగా నేను చెప్పలేను. చెయ్యి మాత్రం లేచింది, నిండా లేచింది. మైకతను ఆ చేతిని చూశాడు. పద్యం మధ్యలో మైకు ఆపరాదన్న తీర్మానం గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాడు. లైటతనికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే, సారు చెయ్యెత్తగానే లైటు వేయమని. అతను వేశాడు.

తెల్లటి వెలుగులో ఆ చెయ్యి ఒంటరిగా నిలబడింది. నాంచారమ్మ తొందరపడలేదు. నేడు లేవవలయు నిచటె తాను అని, ఒక్కో మాటా నేలమీద పెట్టినట్టు పాడింది. ఊరు చూసిందని పాడింది. ఊరే చూస్తోందని పాడింది. దశరథరామయ్యగారు చెయ్యి దించలేదు. దించితే దాచినట్టు, ఉంచితే ఒప్పుకున్నట్టు. మనసుకు ఇంత చిన్న గదిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

చేయి యెత్తి చూపు, చేసినయ్య!

రాగాన్ని అంత ఎత్తునుంచి నెమ్మదిగా, ఒక్కో మెట్టే దించి, నేలమీద పెట్టింది. చప్పట్లు లేవు. ఈసారి ఎవరూ వన్స్ మోర్ అనలేదు. జనం ఆ చేతివైపే చూస్తున్నారు.

నాంచారమ్మ మైకు దగ్గరికి వంగింది.

"చూశామండీ," అంది. "ఇంక దించుకోండి."

ఆయన దించుకున్నారు.

నాటకం ప్రకారం అప్పుడు రాజుగారు పెళ్లి చేయడానికి రావాలి. వచ్చాడు. పెళ్లికొడుకు కూడా దండ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పెళ్లికూతురు అప్పటికే పక్క మెట్లమీద ఉంది. నిరుడు ఆమె ఏ మెట్లు దిగిందో అవే. ఇప్పుడు తన కాళ్లతో, రెక్క ఎవరూ పట్టుకోకుండా, కత్తి చంకన పెట్టుకుని దిగి వెళ్లిపోయింది. రాజుగారు కొంతసేపు చూసి, ఉన్నవాళ్లను క్షమించి తెర వేయించాడు.

మర్నాడు ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. వీరవనిత ప్రవర్తన వీరవనితల సంవత్సరం స్ఫూర్తికి విరుద్ధంగా ఉందని హైమవతీదేవిగారు విచారం వెలిబుచ్చారు. చల్లా నాంచారమ్మను ఇకపై పరిషత్తు వేదికలకు అనర్హురాలిగా ప్రకటించాలని తీర్మానం ప్రతిపాదించారు.

"అవమానం జరిగిందా మరి, పరిషత్తుకు?" అన్నాను.

"జరిగిందని రాస్తే నాలుగో అంశం ఉల్లంఘన అవుతుంది," అన్నారు న్యాయ సలహాదారు దిగులుగా. "కారణం రాయకుండా తీర్మానిద్దాం. సరిపోతుంది. అనుకూలంగా ఉన్నవారు చేతులు ఎత్తండి."

అధ్యక్షురాలి చెయ్యి లేచింది. న్యాయ సలహాదారు చెయ్యి లేచింది. ఆచార్యులుగారి పద్యానికి పదేళ్లలో మొదటిసారి వన్స్ మోర్ వచ్చింది, అదీ రెండుసార్లు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నారు. నా చేతులు నా దగ్గరే ఉన్నాయి.

ఐదుగురిలో మూడు చేతులు కావాలి. అందరూ దశరథరామయ్యగారి వైపు తిరిగారు.

ఆయన కుడిచెయ్యి బల్ల కింద ఉంది. భుజం కొద్దిగా కదిలింది. మోచేయి బల్ల అంచుదాకా వచ్చింది. ఆయన గది చుట్టూ చూశారు. లైటు ఎక్కడైనా ఉందేమో అన్నట్టు ఒకసారి పైకప్పు వైపు కూడా చూశారు. చెయ్యి మళ్లీ కిందికి వెళ్లిపోయింది.

తీర్మానం వీగిపోయినట్టు మినిట్స్‌లో రాసుకున్నారు.